విటమిన్ సీసాలో దాచిన మాత్ర

ఇరవై రెండేళ్ళుగా నేను ఇతరుల చేత మందులు మింగిస్తున్నాను. మా వార్డులో ఒక పద్ధతి ఉంది. మాత్ర చేతిలో పెట్టే ముందు రోగిని పేరు అడగాలి, వయసు అడగాలి, మందు పేరూ మోతాదూ వేళా కాగితంతో సరిచూడాలి. మంచం మీద ఉన్నది సొంత తమ్ముడైనా సరే, పేరు అడగాల్సిందే. కొత్తగా చేరిన అమ్మాయిలు "వారం నుంచీ ఈయన్నే చూస్తున్నాం కదక్కా, మళ్ళీ పేరెందుకు?" అని నవ్వితే విరుచుకుపడేదాన్ని. ఢిల్లీలో సాకేత్ దగ్గర మా ఆసుపత్రిలో నాకు 'పేరు చెప్పండి మేడమ్' అని చాటుగా పేరు కూడా పెట్టారు. ఆ మేడమే తన ఇంట్లో, తన మంచం మీద, ఏం మింగుతోందో చూడకుండా కళ్ళు మూసుకుని మింగి, చావు దాకా వెళ్ళి వచ్చింది. ఇప్పుడు బాగానే ఉన్నాను. నడుస్తున్నాను, డ్యూటీకి వెళ్తున్నాను, మా ఆయన మీద అరుస్తున్నాను. అరిచే ఓపిక వచ్చింది గనక రాసే ఓపిక కూడా వచ్చినట్టే అనుకుని మొదలుపెట్టాను.

కిందటి శీతాకాలంలో మొదలైంది ఇది. మాది గుంటూరు వైపు. పెళ్ళయిన ఏడాదే ఢిల్లీ వచ్చి, తర్వాత ఫరీదాబాద్‌లో స్థిరపడ్డాం. మా ఆయన సుందరరావు ఇక్కడ ఒక బేరింగుల ఫ్యాక్టరీలో తనిఖీ విభాగంలో ఉన్నారు. మా అమ్మాయి కీర్తన డిగ్రీ రెండో సంవత్సరం. దాన్ని తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్తుంది, తిడితే మాత్రం పూర్తిగా అర్థమవుతుంది. నేను రోజూ మెట్రోలో సాకేత్ వెళ్ళి వస్తాను. డిసెంబరులో ఒకరోజు రెండు స్టేషన్ల మధ్య రైలు కాసేపు ఆగింది. అందరూ ఫోన్లు చూసుకుంటున్నారు. నాకు మాత్రం గుండె గొంతులోకి వచ్చేసింది, వేళ్ళు చల్లబడ్డాయి, ఇక్కడే చచ్చిపోతాననిపించింది. తర్వాతి స్టేషన్లో దిగి బెంచీ మీద కూర్చుండిపోయాను. మర్నాడూ అదే, ఆ తర్వాత వారమూ అదే. గుండె పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. గుండె బాగుంటే ఇంకేమిటో నర్సుకి ఒకరు చెప్పక్కర్లేదు.

మా ఆసుపత్రిలోనే మానసిక వైద్యులు ఉన్నారు. కానీ అక్కడ నేను చీటీ తీసుకుంటే మధ్యాహ్నానికల్లా క్యాంటీన్ అంతా తెలిసిపోతుంది. అందుకని మునిర్కాలో ఒక చిన్న క్లినిక్ వెతుక్కున్నాను. రెండో అంతస్తు, ఇరుకు మెట్లు, వేచి ఉండే గదిలో అందరూ యూనివర్సిటీ పిల్లలే. వాళ్ళ మధ్య నేనొక్కదాన్నే తెల్లజుట్టుతో, ఎవరి అమ్మో తప్పిపోయి వచ్చినట్టు నిలబడ్డాను. ఒక పిల్ల బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకుని, "ఆంటీ, యహాఁ బైఠియే" అని చోటిచ్చింది. కాసేపాగి ఏమీ అడక్కుండా నా చేతిలో ఒక గజక్ ముక్క పెట్టింది. నువ్వులూ బెల్లం. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా వచ్చిన చోట ఆ పిల్ల ఒక్కతే నాకు చుట్టంలా అనిపించింది.

డాక్టరమ్మ చిన్నావిడే. క్లోనజెపామ్ తక్కువ మోతాదులో రాత్రికి ఒకటి, కొన్ని వారాలపాటు మాత్రమే అంది. ఊపిరి పీల్చి వదిలే పద్ధతి నేర్పింది. చివర్లో, "వేరే ఎవరు ఏ మందు రాసినా, ముఖ్యంగా నొప్పికి రాస్తే, ఇది వేసుకుంటున్నానని చెప్పండి" అంది. నేను తల ఊపాను. రోజుకి పదిమందికి నేనే చెప్పే మాట అది.

ఇంట్లో ఎందుకు చెప్పలేదని తర్వాత అందరూ అడిగారు. మా చర్చి సంఘంలో స్త్రీల కూడిక నడిపేది నేను. ఆదివారం ఆరాధనలో ప్రార్థనాంశాలు ఎవరికి వారే నిలబడి చెప్పుకుంటారు. మోకాళ్ళ నొప్పి, షుగరు, పిల్లల పరీక్షలు, ట్రాన్స్‌ఫరు, ఏదైనా చెప్పచ్చు. 'నాకు భయం వేస్తోంది, దానికి మాత్ర వేసుకుంటున్నాను' అని మాత్రం ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పగా వినలేదు. దేవుడి మీద నమ్మకం తక్కువై భయం వచ్చిందనుకుంటారని నా బాధ. నిజం చెప్పాలంటే ఆ మాట నాతో ఎవరూ అనలేదు. నాకు నేనే అనుకుని, నేనే సిగ్గుపడి, స్ట్రిప్పులోంచి మాత్రలు ఒలిచి ఖాళీ అయిన విటమిన్ సీసాలో పోసి వంటింటి అరలో పెట్టాను. ఇదే పని వార్డులో ఇంకెవరైనా చేసి ఉంటే సస్పెండ్ చేయించేదాన్ని. ఫిబ్రవరిలో డాక్టరమ్మ మాత్ర తగ్గిద్దామంటే, పరీక్షల రోజులు, అమ్మాయికి వండి పెట్టాలి అని ఏదో సాకు చెప్పి వాయిదా వేయించాను.

ఏప్రిల్లో నడుము పట్టేసింది. భారీ మనిషిని మంచం మీంచి కుర్చీలోకి మారుస్తుంటే నడుములో ఏదో తెగినట్టయింది. డిస్కు జారిందన్నారు. కాలి వేలిదాకా నిప్పు పాకినట్టుండేది. మా ఆసుపత్రిలోనే ఎముకల డాక్టరు చూశారు. నా పక్కన మా వార్డు నర్సు పిల్లలు ఇద్దరు చేతులు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"వేరే మందులేమైనా వాడుతున్నారా సిస్టర్?" అని అడిగారాయన.

"లేదు సార్. విటమిన్లంతే" అన్నాను.

ఆయన ట్రమడాల్ రాశారు, రోజుకి మూడుసార్లు. గ్యాసు మాత్ర, కాల్షియం కూడా. ట్రమడాల్ పేరు చూడగానే నాకు తెలుసు. నొప్పి తగ్గించే ఆ మందూ, భయం తగ్గించే నా మందూ రెండూ మనిషిని మత్తులోకి లాగేవే. రెండూ కలిస్తే ఊపిరి మందగిస్తుంది. తెలియక చేశానంటే అబద్ధం. మధ్యలో కొన్ని గంటలు ఎడం ఇస్తే సరిపోతుందిలే అని నాకు నేనే డాక్టర్నయ్యాను. అప్పటికి నొప్పి ఒక వైపు, గుట్టు బయటపడుతుందన్న సిగ్గు ఒక వైపు.

ఇంట్లో మంచం మీంచి లేవలేను. రాత్రి భోజనం కాగానే, "ఏవండీ, ఆ విటమిన్ సీసా ఇలా ఇవ్వండి" అనేదాన్ని. ఒక మాత్ర తీసుకుని తిరిగి ఇచ్చేదాన్ని. అంతే ఆయన చూసింది. ఆయన సెలవు పెట్టి నాకు సేవ మొదలుపెట్టారు. ఫ్యాక్టరీ మనిషి కదా, ఒక పట్టిక గీసి గోడకి అంటించారు. ఇడ్లీ ఎప్పుడు, మాత్ర ఎప్పుడు, వేడినీళ్ళ సంచి ఎప్పుడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో గ్యాసు స్టవ్ మీద పాలు పొంగించడం తప్ప ఏమీ చేయని మనిషి నాకు జావ కాచాడు. ఉండలు కట్టింది. బాగుందన్నాను. మర్నాడూ అదే జావ వచ్చింది, అది నా పాపమే.

మాత్రలు ఆయనే అరచేతిలో పోసుకుని, ఇంకో చేత్తో నా తల కాస్త ఎత్తి, నోట్లో వేసేవారు. నేను కళ్ళు తెరిచి చూసేదాన్ని కాదు. ఆ అరచెయ్యి నాకు తెలిసిందే కదా అనుకునేదాన్ని.

తప్పు జరిగింది ఇక్కడే. నేను కొంచెం మగతగా ఉండడం చూసి ఆయన దాన్ని నీరసం అనుకున్నారు. నీరసానికి విటమిన్ మంచిది కదా అని పొద్దున మాత్రలతో పాటు ఆ సీసాలోంచి ఒకటి కలిపారు. దాంతో ఇంకా మగతగా అయ్యాను. ఇంకా నీరసపడిందనుకుని మధ్యాహ్నం కూడా ఒకటి కలిపారు. రాత్రికి ఎలాగూ నేను అడిగి వేసుకునేది ఉంది. మూడు రోజులు ఇలా గడిచాయి. నేను ఎంత మత్తులోకి జారితే ఆయన అంత శ్రద్ధగా విటమిన్ వేశారు. చెబితే నేను 'అక్కర్లేదు' అంటానని చెప్పలేదట. నేను దాచింది నా సిగ్గు, ఆయన దాచింది ఆయన ప్రేమ. రెండూ కలిసి ఒకే చేతిలోంచి నా నోట్లోకి వచ్చాయి.

ఆదివారం సంగతి నాకు గుర్తులేదు. లిల్లీ, కీర్తన చెప్పగా తెలుసుకున్నదే. లిల్లీ మా వార్డులో నా కింద పనిచేసే పిల్ల. ఏలూరు నుంచి వచ్చింది, మా సంఘానికే వస్తుంది. ఆరాధన అయ్యాక పాస్టరమ్మగారు, లిల్లీ, ఇంకో ఇద్దరు నా కోసం ప్రార్థన చేయడానికి ఇంటికి వచ్చారు. అందరూ మంచం చుట్టూ నిలబడి కళ్ళు మూసుకున్నారు. పాస్టరమ్మగారి ప్రార్థన పొడుగు. నన్ను ఏమాత్రం తక్కువ చేయకుండా నా మంచితనమంతా దేవుడికి వివరంగా చెబుతున్నారట. మధ్యలో నేను సన్నగా గురక పెట్టాను. "ప్రభువా, మా సహోదరికి ఎంత నెమ్మది ఇచ్చావు" అన్నారావిడ. మా ఆయన "ఆమేన్" అన్నారు.

లిల్లీకి ఆ గురక నచ్చలేదు. కళ్ళు తెరిచింది. ప్రార్థన మధ్యలో కళ్ళు తెరవడమంటే మా దగ్గర చిన్నపిల్లలు చేసే పని. తెరిచి, తన చేతి గడియారం వైపూ నా పొట్ట వైపూ చూస్తూ లెక్కపెట్టింది. నిమిషానికి ఎనిమిది ఊపిర్లు. పెదవులు నీలంగా ఉన్నాయి.

"పాస్టరమ్మగారూ, ఆపండి" అంది.

"అమ్మా, ముగిస్తున్నాను..."

"ముగించక్కర్లేదండీ, ఆపండి! అక్క నిద్రపోవట్లేదు, ఊపిరి ఆగిపోతోంది!"

ఇక ఇల్లంతా గందరగోళం. కింది ఫ్లాటు వాళ్ళు కారు తీశారు. పాస్టరమ్మగారు నా కాళ్ళు పట్టారు, మా ఆయన భుజాలు పట్టారు. లిల్లీ ఇంట్లో ఉన్న ప్రతి సీసా, ప్రతి స్ట్రిప్పూ ఒక కవర్లో ఊడ్చి పట్టుకుని, దారి పొడుగునా నా చెంపలు తడుతూ, "అక్కా, ఊపిరి తీయ్! తీయక్కా!" అని అరుస్తూనే ఉందట. పై అధికారి చెంపలు వాయించే అవకాశం మళ్ళీ రాదనుకుందేమో అని ఇప్పుడు ఏడిపిస్తుంటాను. అది నవ్వదు.

నాకు గుర్తున్న మొదటి సంగతి ముక్కు మీద ఆక్సిజన్ మాస్కు. ఫరీదాబాద్‌లోనే దగ్గర్లో ఉన్న ఆసుపత్రి అది. నొప్పి మందు పట్టు విడిపించే ఇంజెక్షన్ ఇచ్చారట, దాంతో కాస్త కళ్ళు తెరిచాను, నడుము నొప్పి కూడా ఒక్కసారిగా కళ్ళు తెరిచింది. ఒక కుర్ర డాక్టరు నా మీదకి వంగి ఉన్నాడు.

"సిస్టర్, ఔర్ క్యా లేతీ హైఁ ఆప్? సచ్ బతాయియే." ఇంకేం వేసుకుంటున్నారు, నిజం చెప్పండి అంటున్నాడు. రాసిచ్చిన నొప్పి మాత్రలు లెక్క ప్రకారమే ఉన్నాయి, అవి మాత్రమే అయితే ఇంత మత్తు రాదు అని వాళ్ళకి అర్థమైంది.

మంచానికి అటు మా ఆయన, ఇటు కీర్తన, కాళ్ళ దగ్గర పాస్టరమ్మగారు. లిల్లీ కవరులోంచి విటమిన్ సీసా తీసి మూత విప్పింది. "ఇవి విటమిన్లు కావు కదక్కా?" అంది మెల్లగా.

అప్పుడు కూడా, ఆ మాస్కులో కూడా, ఒక్క క్షణం అబద్ధం ఆడదామనిపించింది. దానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. ఊపిరి అందని మనిషికి పరువు ఎందుకు గుర్తొస్తుందో నాకు తెలియదు. మా ఆయన ముఖం చూశాక ఇక ఆడలేకపోయాను. మాస్కు పక్కకి లాగి చెప్పాను. మందు పేరు, మోతాదు, ఎందుకో, ఎప్పట్నుంచో. "రాత్రికి ఒకటే" అన్నాను.

"ఒకటి కాదు" అన్నారు మా ఆయన. ఆ గొంతు ఆయనది కాదు. "పొద్దునొకటి, మధ్యాహ్నమొకటి... నేనేశాను. మూడ్రోజుల్నించి నేనే ఏస్తన్నాను డాక్టర్ సాబ్. విటమిన్ అనుకున్నాను. నీరసంగా ఉందని..."

 వెళ్ళి గోడ వైపు తిరిగి నిలబడ్డారు. కీర్తన నా చెయ్యి పట్టుకుని, "మమ్మీ, బతాయా క్యోఁ నహీఁ?" అంది. ఎందుకు చెప్పలేదని. కాసేపటికి తెలుగులో కూడా అడిగింది, "నాక్కూడా చెప్పలేదేంటమ్మా?" అని. దాని నోట తెలుగు విని నాకు ఏడుపు ఆగలేదు. పాస్టరమ్మగారు నా పాదాలు చల్లగా ఉన్నాయని తన పైటకొంగుతో చుట్టి పట్టుకుని కూర్చున్నారు.

రెండు రోజులు పరిశీలనలో ఉంచి పంపారు. ఇంటికి వచ్చాక అసలు కష్టం మొదలైంది. మా ఆయన వంట చేశారు, నన్ను బాత్రూము దాకా నడిపించారు, కాలికి నూనె రాశారు. మాత్రలు మాత్రం ముట్టలేదు. మందుల డబ్బా నాకు అందేంత దూరంలో బల్ల మీద పెట్టి గదిలోంచి వెళ్ళిపోయేవారు. గోడ మీది పట్టిక చింపేశారు. నేను మింగుతుంటే అటు చూసేవారు కాదు. నేను చచ్చి ఉంటే ఆయన చేత్తోనే చచ్చేదాన్ని, అది తెలిసిన మనిషి ఆయన.

వారం గడిచాక ఒక సాయంత్రం నోరు విప్పారు. "మా ఫ్యాక్టరీలో లేబుల్ ఒకటీ, లోపల సరుకు ఒకటీ ఉంటే లైన్ మొత్తం ఆపేస్తాం సలోమీ. నేను లేబుల్ చదివాను. రోజూ చదివే ఏశాను."

"తప్పు నాదండీ."

"నీదే" అన్నారు. అని ఏడ్చారు. మామూలుగా అయితే ఇంతకి రెండింతలు వాదించేదాన్ని. ఆ రోజు నోరు మూసుకుని ఆయన తల నిమిరాను.

ఆ తర్వాత ఆయనే మునిర్కా వచ్చారు నాతో. ఆ ఇరుకు మెట్లు నన్ను దాదాపు మోసుకుని ఎక్కారు. పిల్లల మధ్య ఇద్దరం కూర్చున్నాం. "రోజూ వీళ్ళ మధ్య ఒక్కదానివే కూర్చునేదానివా?" అని అడిగారు. రోజూ కాదు, నెలకోసారి అన్నాను. "ఒక్కదానివే కదా" అన్నారు మళ్ళీ. డాక్టరమ్మ నన్ను తిట్టలేదు, తిడితే బాగుండేది. ఎముకల డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడింది. ఆసుపత్రిలో ఆపేసిన ట్రమడాల్ ఇక వద్దని, పారాసెటమాల్, ఫిజియోథెరపీ చాలని ఇద్దరూ కలిసి నిర్ణయించారు. భయానికి వేసుకునే మాత్రని మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు, అదీ ప్రమాదమే. నెమ్మదిగా, చాలా నెమ్మదిగా తగ్గించుకుంటూ రావాలంది. సీసా విసిరి పారేద్దామని బయల్దేరిన మా ఆయన్ని ఆ మాటే ఆపింది. ఒకే కాగితం మీద నా మందులన్నీ రాసి, ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ముందు అదే చూపించమని ఇచ్చింది. ఇప్పుడది నా బైబిలు జిప్పు కవరులో ఉంటుంది. ఇంకో కాపీ మా ఆయన పర్సులో ఉంది.

ఆగస్టులో సంఘంలో సాక్ష్యం చెప్పడానికి లేచాను. నడుము బాగుపడిందని చెప్పి కూర్చుంటాననుకున్నారు. నేను రెండు మందుల పేర్లూ చెప్పాను. ఒకటి నొప్పికి, ఒకటి భయానికి అని చెప్పాను. ఏది ఎందుకు దాచానో కూడా. ఎవరూ తప్పు పట్టలేదు, తల కూడా దించుకోలేదు. ఆ తర్వాత నుంచి ఒక కొత్త ఆచారం మొదలైంది. ఆరాధన అయ్యాక ఆంటీలు కవర్లతో వస్తారు, "ఇవన్నీ కలిపి ఏసుకోవచ్చా సలోమీ, కాస్త చూడమ్మా" అని. బీపీవి, నిద్రవి, నొప్పివి, ఎప్పుడో ఎవరో రాసినవి. నేను చూడను. ఆ కవరు ఉన్నది ఉన్నట్టు పట్టుకెళ్ళి డాక్టరు బల్ల మీద కుమ్మరించమంటాను. స్ట్రిప్పులు కత్తిరించద్దు, సీసాలు మార్చద్దు, 'విటమిన్లంతే' అనద్దు. మగత ఎక్కువైతే నీరసం అనుకుని ఊరుకోవద్దు, లేపి చూడమంటాను. లిల్లీ పక్కన నిలబడి వింటూ ఉంటుంది, నేను ఏదైనా మర్చిపోతే అందిస్తుంది.

సెప్టెంబరు చివరికి భయం మాత్ర పూర్తిగా మానేశాను. మెట్రోలో భయం అప్పుడప్పుడూ వస్తుంది. వచ్చినప్పుడు ఊపిరి లెక్కపెట్టుకుంటాను. ఇంటికి వెళ్ళి చెబుతాను కూడా, అదే మందులో సగం. అయినా మా ఆయన మాత్రం మాత్ర ముట్టలేదు. నాకు జ్వరం వచ్చినా డబ్బా దగ్గరగా జరిపేవారు, అంతే.

మొన్న నవంబరులో చలికి నడుము మళ్ళీ పట్టింది. ఆదివారం పొద్దున ఆరాధనకి తయారవుతూ మంచం మీద కూలబడ్డాను. పారాసెటమాల్ వంటింట్లో పై అరలో ఉంది. అడగలేదు. అడిగితే ఆయన ముఖం ఎలా అవుతుందో తెలుసు. ఆయన గుమ్మంలో నిలబడి కాసేపు చూశారు. వంటింట్లోకి వెళ్ళారు. స్ట్రిప్పు, నీళ్ళ గ్లాసు, పర్సులోంచి తీసిన కాగితం పట్టుకుని వచ్చి మంచం పక్కన నిలబడ్డారు. 

"పేరు చెప్పండమ్మా" అన్నారు.

నాకు నవ్వొచ్చింది, నవ్వితే ఆయన వెనక్కి వెళ్ళిపోతారని ఆపుకున్నాను. "సలోమి."

"వయసు?"

"ఆడవాళ్ళని వయసు అడుగుతారా?"

"రూలు మేడమ్. చెప్పాలి."

"నలభై ఏడు."

కాగితం చూశారు. స్ట్రిప్పు మీద పేరు పైకి చదివారు, గడువు తేదీ చదివారు. "ఇయ్యాల ఇంకేమన్నా ఏసుకున్నారా? విటమిన్లేమన్నా?"

"లేదండీ. ఏమీ లేదు."

"దాచినవేమన్నా?"

"రాత్రి కాస్త భయమేసింది. పొద్దున చెబుదామనుకున్నాను."

"సరే. దారిలో మాట్లాడుకుందాం" అని స్ట్రిప్పు వెనక నొక్కి మాత్ర అరచేతిలోకి తీసి, నా ముందు చెయ్యి చాపారు. తొందర పెట్టలేదు. నేను ఆ మాత్రని చూశాను, ఆయన్ని చూశాను, కళ్ళు తెరుచుకునే మింగాను.